గోడ దిగిన బొమ్మలు

డెవెంటర్,
16 అక్టోబరు 2016

ఓర్సీనక్కా,

నాతో పనిచేసే నర్సు హిల్డా సెలవుకి మన ఊరు పారమరిబో వస్తోంది. ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను. పోస్టులో వేస్తే మూడు వారాలు. ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అనడం, నేను అరవడం, పక్కింటివాళ్ళు నా కుటుంబ విషయాలన్నీ వినడం. నీ చెవి మిషను బ్యాటరీలు కూడా పంపుతున్నాను. బీరువాలో దాచడానికి కాదు, పెట్టుకోవడానికి.

ఇక్కడ ఒక గొడవ మొదలైంది. పోయిన ఆదివారం మా వీధి సంఘం సమావేశం జరిగింది. సింటర్‌క్లాస్ పండక్కి వీధి అలంకరణ ఎలా చెయ్యాలన్నది విషయం. మా పక్కింటి రీట్ గారు ఏటా తన ఇంటి ముందు గోడకి మూడు నిలువెత్తు బొమ్మలు కడుతుంది. పిల్లలకి కానుకలు పంచే ముసలి సింట్ వెంట తిరిగే పనివాళ్ళు, నల్ల పీట్‌లు. నీకు తెలియనిదేముంది. నల్లటి మొహాలు, ఎర్రటి లావు పెదాలు, చెవులకి పోగులు. తాడు పట్టుకుని పై కిటికీలోకి ఎక్కుతున్నట్టు వేలాడుతుంటాయి. నలభై ఏళ్ళుగా కడుతోంది. చూడ్డానికి వేరే వీధులవాళ్ళు కూడా వస్తారు.

ఈసారి యెల్లె అని, వసంతంలో మా వీధికి వచ్చిన కుర్ర మాస్టారు, లేచి నిలబడ్డాడు. "మన వీధిలో నల్లవాళ్ళున్నారు. ఆ బొమ్మలు వాళ్ళని వెక్కిరించినట్టు ఉంటాయి. ఈ ఏడు వద్దు" అన్నాడు. మంచి తెల్లటి కుర్రాడు, చెవులు ఎర్రబడిపోయాయి పాపం. రీట్ గారికి ఒళ్ళు మండింది. "తొమ్మిదేళ్ళుగా యూజెనీ నా బల్ల దగ్గర కాఫీ తాగుతోంది. ఆ అమ్మాయికి లేని బాధ నీకెందుకయ్యా?" అంది. మా వీధిలో నల్లవాళ్ళంటే నేనూ మా పిల్ల గ్రాసియా, అంతే. సంఘం పెద్ద విమ్ గారు నావైపు తిరిగి, "చెప్పండి యూజెనీ, మీకేమైనా ఇబ్బందా?" అన్నారు. ఇరవై రెండు తలలు నావైపు తిరిగాయి.

"అబ్బే, నాకేం ఇబ్బంది లేదండీ" అన్నాను. అని ఇంకో బిస్కెట్ తీసుకున్నాను.

అక్కడితో అయిపోలేదు. గ్రాసియా రీట్ గారింటికి వెళ్ళడం మానేసింది. బడి వదిలాక నాలుగు నుంచి నేను ఏడింటికి వచ్చేదాకా ఆవిడ దగ్గరే కదా ఉండేది, వాళ్ళ నాన్న వెళ్ళిపోయినప్పటి నుంచీ. మొదటి అడుగు వేసింది కూడా ఆవిడ వంటింట్లోనే. ఇప్పుడు మా ఇంట్లో మెట్ల మీద ఒక్కత్తే కూర్చుంటోంది, ఎనిమిదేళ్ళ పిల్ల. వారం రోజులు బతిమాలితే చెప్పింది. సెప్టెంబరులో రీట్ గారు వంటింటి బల్ల మీద ఒక బొమ్మకి పెదాలు కుడుతోందట. ఇది అడిగిందట: "అమ్మమ్మా, ఇది నేనా?" ఆవిడ నవ్వి, "అవునే, నువ్వే! చూడు ఎంత ముద్దుగా ఉన్నావో" అందట.

ఆవిడ ముద్దుకే అంది. నాకు తెలుసు. కానీ పిల్ల ఆ రోజు నుంచి అద్దం ముందు పెదాలు లోపలికి మడుచుకుని నిలబడుతోంది అక్కా. నేను రీట్ గారికి ఏమీ చెప్పలేదు. పిల్లకి బడిలో అదనపు పాఠాలున్నాయని అబద్ధం ఆడాను. ఆవిడేమో సమావేశంలో యెల్లె చేత నేనే మాట్లాడించానని, ఆ కోపంతో పిల్లని పంపడం లేదని అనుకుంటోంది.

ఆవిడ లేకపోతే నా ఉద్యోగం సాగదు. అదొక్కటే అయితే ఇంకెవరినో చూసుకోవచ్చు. గ్రాసియాకి ఉన్న ఒకే ఒక అమ్మమ్మ ఆవిడ. ఏం చెయ్యాలో తోచడం లేదు.

నీ పిరికి చెల్లెలు,
జేనీ

*

పారమరిబో,
30 అక్టోబరు 2016

ఏమే జేనీ,

బ్యాటరీలు అందాయి. పెట్టుకున్నాను. పెట్టుకోగానే మొదట వినపడింది పక్కింటి కోడి. ఎన్నేళ్ళుగా అరుస్తోందో దరిద్రపుది, నాకిప్పుడు తెలిసింది. మళ్ళీ తీసేశాను.

నీ ఉత్తరం చదివి గిన్నెలు సగంలో వదిలేశాను. ఆ కుర్రాడు నీ తరఫున నోరు చించుకుంటుంటే నువ్వు బిస్కెట్ తింటూ కూర్చున్నావా? నిన్ను పెంచింది నేనేనా అని అనుమానం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు పెద్దదాన్ని, నీ ముక్కు తుడిచినదాన్ని, అడుగుతున్నాను చెప్పు: ఎవరికి భయపడ్డావు? కాఫీ ఇచ్చే ముసలిదానికా? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నట్టుంది మీ వీధి పండగ. పిల్లి మంచిదే కావచ్చు, ఎలుక సంగతి ఎవరు చెప్పాలి? ఎలుకే కదా!

రెండు అబద్ధాలు ఆడావు. ఒకటి వీధికి, రెండోది ఆ రీట్‌కి. ఆవిడకి తెలియనిదాన్ని ఆవిడ ఎలా దిద్దుకుంటుంది? నువ్వు చెప్పవు. సరే. నేను రాస్తాను ఆవిడకి. చిరునామా అడగక్కర్లేదు, మీ వీధుల్లో సరి అంకెలు ఒక వైపు, బేసి ఒక వైపు కదా, నీ ఇంటి నంబరుకి రెండు కలిపితే పక్కిల్లే. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నా డచ్చి రాతలో ఆవిడకి ఒక్క తప్పు కూడా దొరకదు.

హిల్డా చేతికి గ్రాసియా కోసం చింతపండు ఉండలు ఇచ్చాను. నువ్వు తినేయకు.

అక్క

తా.క. పిల్ల అద్దం ముందు నిలబడే సంగతి రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

*

డెవెంటర్,
13 నవంబరు 2016

అక్కా, అక్కా,

నీకు దణ్ణం పెడతాను, రాయకు! రాసుంటే చింపెయ్యి. నీ నోరు నాకు తెలుసు. పుల్లమామిడి కూడా నీ ముందు తియ్యన. రీట్ గారికి డెబ్బై నాలుగేళ్ళు, రక్తపోటు మందులు నేనే చూసి పెడతాను. నీ ఉత్తరం చదివి ఆవిడకేమైనా అయితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

పైగా ఆ బొమ్మల సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఆవిడ భర్త గెరిట్ గారు రైల్వేలో పనిచేసి పోయారు. ఆయన నల్ల సాక్సులు విప్పి ఆ మొహాలు కుట్టింది. ఒక బొమ్మకి ఆయన చేతి తొడుగులు కూడా ఉన్నాయి. ఏడాదికోసారి ఆయన్ని బయటికి తీసి, గాలి తగిలేలా గోడకెక్కిస్తున్నట్టు ఉంటుందావిడకి. దాన్ని నేనెలా తప్పు పట్టను?

నిన్న పండగ మొదలు, సింట్ వేషగాడు ఊళ్ళోకి పడవ దిగాడు. బొమ్మలు గోడెక్కాయి. ఏటా నిచ్చెన పట్టుకునేది నేనే. నిన్న కూడా నేనే పట్టుకున్నాను. తిట్టు, తిట్టు, వింటాను. రీట్ గారు వచ్చి తలుపు తట్టి, "నిచ్చెన పడతావా, లేక దానిక్కూడా అదనపు పాఠాలున్నాయా?" అంది. ఏమనను? వెళ్ళాను. ఆవిడ పై మెట్టు మీద, నేను కింద. మూడో బొమ్మ ముడి వేస్తుండగా మా కిటికీ వైపు చూశాను. గ్రాసియా నన్నే చూస్తోంది. చూసి, తెర లాగేసింది.

రాత్రి అది అన్నం తినలేదు. "నువ్వే కట్టావు" అంది. అంతే అంది.

రాయనని ఒక్క మాట పంపించు అక్కా. ఉన్న తలనొప్పి చాలు.

నీ
జేనీ

*

పారమరిబో,
24 నవంబరు 2016

జేనీ,

నీ ఉత్తరం హిల్డా వాళ్ళ చుట్టమొకాయన నిన్న తెచ్చి ఇచ్చాడు. నాది పోస్టులో పడి అప్పటికి మూడు వారాలు. ఈపాటికి చేరే ఉంటుంది. ఇంకేం చింపను? సముద్రాన్ని చింపనా?

ఏం రాశానో అడగకు. తిట్టలేదని మాత్రం చెప్పను. ఆ ఉత్తరం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఎవరినైనా తిట్టడానికి నాకు నాలుగు నిమిషాలు చాలని నీకు తెలుసు.

నిచ్చెన పట్టుకున్నందుకు తిడదామని కూర్చున్నాను. కలం కదల్లేదు. కారణం ఇంకోసారి చెబుతాను.

వానలు మొదలయ్యాయి. వీధి చివర నీళ్ళు నిలిచి, చేపల బజారుకి పోవాలంటే చెప్పులు చేత్తో పట్టుకోవాలి.

అక్క

*

డెవెంటర్,
27 నవంబరు 2016

అక్కా,

నువ్వు రాశావో లేదో తెలియకుండానే ఇది రాస్తున్నాను. పరిస్థితి చెయ్యి దాటిపోయింది.

శుక్రవారం పొద్దున్న లేచేసరికి రీట్ గారి గోడ మీద బొమ్మలు లేవు. మూడూ లేవు. తాళ్ళు కూడా లేవు. విమ్ గారు మధ్యాహ్నానికల్లా వీధి బోర్డు మీద కాగితం అంటించారు: "నలభై ఏళ్ళ ముచ్చటని దొంగిలించినవారు మగవాళ్ళయితే ముందుకు రండి." మగవాళ్ళయితే అని రాశారు కానీ చూపులన్నీ నా మీదే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేమో అందరికీ అడక్కుండానే "శుక్రవారం నాకు పొద్దుటి డ్యూటీ అండీ" అని చెప్పుకుంటూ తిరుగుతున్నాను. రొట్టెల కొట్టామె చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టింది.

ఇంకో ముచ్చట విను. యెల్లె వచ్చి నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "చాలా ధైర్యం చేశారండీ, నేను ఎవరికీ చెప్పను" అన్నాడు. "నాయనా, నేను తియ్యలేదు" అంటే, "అర్థమైంది, అర్థమైంది" అని కన్ను గీటి వెళ్ళిపోయాడు. ఇలాంటి స్నేహితుడు ఒక్కడుంటే శత్రువులతో పనిలేదు.

రీట్ గారు తలుపు తియ్యడం లేదు. రెండుసార్లు వెళ్ళాను. తెరల వెనక దీపం ఉంది, మనిషి కదులుతోంది, తలుపు తియ్యదు. నేనే తీశానని ఖాయం చేసుకున్నట్టుంది. నిన్న నన్ను వీధిలో చూసి పక్క సందులోకి తిరిగిపోయింది.

అల్మేర అనే ఊళ్ళో ఒక చిన్న ఫ్లాటు ఖాళీగా ఉందట. అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. డిసెంబరు తొమ్మిదిన చూడ్డానికి వస్తానని చెప్పాను. గ్రాసియాతో చెబితే, "అక్కడ అమ్మమ్మలుంటారా?" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను, ఏడుపు వినపడకుండా.

పారిపోతున్నానని నువ్వు అంటావు. అవును, పారిపోతున్నాను.

జేనీ

*

డెవెంటర్,
6 డిసెంబరు 2016

అక్కా! నా బంగారు, నా నోటి దురుసు అక్కా!

ఫ్లాటు చూడ్డానికి వెళ్ళడం లేదు. ఆ మాట ముందు చెప్పి, తర్వాత మిగతాది చెబుతాను.

నిన్న నాకు సెలవు. సాయంత్రం ఆరింటికి వంటింట్లో అరటికాయ ముక్కలు వేయిస్తున్నాను. గ్రాసియా బల్ల దగ్గర బొమ్మలు వేసుకుంటోంది. ఉన్నట్టుండి వీధి తలుపు మీద దబదబా బాదుడు. పిడికిళ్ళతో, తలుపు విరిగేలా. ఇన్ని రోజుల చూపులు అయిపోయాయి, ఇక చేతులు మొదలయ్యాయి అనుకున్నాను. పెనం చేత్తో పట్టుకుని తలుపు వెనక నిలబడి, అమ్మ కోపంలో వాడే మాటలన్నీ, ఒక్కటి కూడా డచ్చి మాట కాదు, అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

నీకు నవ్వొస్తోంది కదూ? డిసెంబరు ఐదు సాయంత్రం ఈ దేశంలో తలుపు బాదితే ఏమిటో మూడేళ్ళ పిల్లకైనా తెలుసు. సింట్ కానుకల గోనెసంచి గుమ్మంలో పెట్టి, తలుపు బాది పారిపోతారు. కానీ మా తలుపు ఎప్పుడూ ఎవరూ బాదలేదు అక్కా. గ్రాసియా పండగ ఏటా రీట్ గారింట్లోనే. ఆవిడే దొడ్డిదారిన వెళ్ళి తన తలుపు తనే బాదుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేది. అందుకని నాకు దెబ్బలే తోచాయి, పండగ తోచలేదు.

గ్రాసియా ఉత్తరాలు వేసే సందులోంచి తొంగి చూసింది.

"అమ్మా, చెత్తడబ్బా వెనక రీట్ అమ్మమ్మ చెప్పులున్నాయి."

"చెప్పులా?"

"చెప్పుల్లో కాళ్ళు కూడా ఉన్నాయి."

తలుపు తీశాను. గుమ్మంలో గోనెసంచి. బాది పరిగెత్తబోయి, మోకాలు పట్టేసి, చెత్తడబ్బా పట్టుకుని కూలబడి ఉంది రీట్ గారు. నా అరుపులకి వీధి వీధంతా బయటికి వచ్చింది. విమ్ గారు మెడకి చేతిగుడ్డతో భోజనం మధ్యలో లేచొచ్చి, "దొంగ దొరికాడా?" అన్నారు.

"దొరికింది" అంది రీట్ గారు కింద నుంచే. "నేనే. నా గోడ మీది బొమ్మలు నేనే దించుకున్నాను. దానికీ నీ సంఘం తీర్మానం కావాలా, విమ్?"

"మరి చెప్పలేదేం? ఊరంతా దొంగని వెతుకుతుంటే!"

"సిగ్గేసింది. నలభై ఏళ్ళు చేసింది తప్పని నీ ముందు ఒప్పుకోవడం కంటే దొంగతనమైందంటే ఊరుకోవడం తేలికనిపించింది. ఈ అమ్మాయి మీద పడుతుందని ఆలోచించలేదు. ఆలోచించాక ఇంకా సిగ్గేసింది."

అందరూ నావైపు చూశారు. మళ్ళీ అవే తలలు. నా చేతిలో ఈసారి బిస్కెట్ లేదు, పెనం ఉంది. చెప్పాను. "సమావేశంలో ఇబ్బంది లేదన్నాను. అబద్ధం. తొమ్మిదేళ్ళుగా నవంబరు వస్తే ఈ వీధిలో తల దించుకుని నడుస్తున్నాను. ఆ బొమ్మలు చూస్తే నన్నూ నా పిల్లనీ తాడుకి కట్టినట్టుంటుంది. మీరు మంచివాళ్ళు, అందుకే చెప్పలేకపోయాను." విమ్ గారు మెడలో చేతిగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నారు. తర్వాత ఆయనా నేనూ చెరో చెయ్యి పట్టి రీట్ గారిని లేపాం. రాత్రి బోర్డు మీద కాగితం ఆయనే చింపారట. మెత్తబడ్డారని అనను. పొద్దున్న కనిపించి, "అయినా పండగ పండగలా లేదు" అని గొణిగారు. గొణగనీ.

లోపల గ్రాసియా సంచి విప్పింది. పైన చుట్టచుట్టిన కాగితం, గుర్రమెక్కి ఇళ్ళ కప్పుల మీద తిరిగే సింట్ పద్యం. ఎవరు రాశారో చెప్పకూడదు, సింట్ రాసినట్టే ఉండాలి కదా. మొహం మీద చెప్పలేనివన్నీ ఆయన గడ్డం చాటున చెప్పుకోవడానికే ఆ ఆచారం. గ్రాసియా గట్టిగా చదివింది:

ఇంటికప్పున గుర్రమాపి సింట్ గారు చూశారు,
కింద మొండి ముసలమ్మను చూసి తల ఊపారు.
"కళ్ళద్దాలు పెట్టుకుని బొమ్మ మొహం కుట్టావు,
ఎదురుగా ఉన్న పిల్ల మొహం చూడకుండా గడిపావు.
నాలుగింటికి ఒక కుర్చీ ఖాళీగా ఉంటోంది,
దాన్ని చూస్తే ముసలిదానికి కాఫీ చేదుగా ఉంటోంది."

రీట్ గారు దాని పక్క కుర్చీలో కూర్చుంది. తర్వాత గ్రాసియాతో, "ఆ రోజు నువ్వడిగితే నువ్వే అన్నాను. తప్పు చెప్పాను తల్లీ. అది నువ్వు కాదు" అంది.

గ్రాసియా ఆలోచించింది. "మరి ఎవరు?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఆప్రానుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని, "మీ గెరిట్ తాతయ్య సాక్సులు" అంది. పిల్ల పకపకా నవ్వింది. రెండు నెలల తర్వాత పెదాలు మడవకుండా, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది అక్కా. నాకింక ఏమీ అక్కర్లేదనిపించింది. బొమ్మల కుట్లు విప్పేసి ఆ సాక్సులు ఉతికి సొరుగులో పెట్టుకుందట ఆవిడ. ఇవాళ నాలుగింటికి గ్రాసియా నన్ను అడక్కుండానే పక్కింటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం ఆవిడ ఆప్రాను జేబులోంచి తీసి నాకు చదవమని ఇచ్చింది. మొదటి పేజీ తిట్లు, నాకు బాగా తెలిసినవే. రెండో పేజీ నాకు తెలియనిది. నీకు ఎనిమిదేళ్ళప్పుడు డచ్చివాళ్ళ కాలపు బడి పండగలో, పిల్లల మొహాలకి నల్లరంగు పూస్తూ, నిన్ను పీట్‌గా నిలబెట్టి, "దీనికి పూయక్కర్లేదు, రంగు మిగిలింది" అని మాస్టారు అంటే క్లాసంతా నవ్విందని, అందరికంటే గట్టిగా నవ్వింది నువ్వేనని. పెద్దయి టీచరయ్యాక, నీ క్లాసులో లిజియా అనే పిల్లని నిలబెట్టి నువ్వూ అదే మాట అన్నావని. "అందుకే మీ మీద అరిచే హక్కు నాకు సగమే ఉంది" అని రాశావు. రీట్ గారు అంది: "మీ అక్క మొదటి పేజీకి నాకు కోపమొచ్చింది. రెండో పేజీ చదివి నిచ్చెన తెచ్చుకున్నాను."

ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు? పిరికిదాన్నని నన్ను తిట్టావే!

ఊపిరి తిరిగిన నీ చెల్లెలు,
జేనీ

*

పారమరిబో,
18 డిసెంబరు 2016

నా జేనీ,

నీ ఉత్తరం హిల్డా అన్నయ్య తెచ్చాడు. వాకిట్లో నిలబడే చదివాను, వానలో. కాగితం తడిసింది. వాన కొంత, నేను కొంత.

ఎందుకు చెప్పలేదంటావా? నిన్ను తిట్టడానికి నా దగ్గర ఏమీ మిగలదని. పిరికితనం మన ఇంట్లో నీ ఒక్కదానికే ఉందనుకున్నావా? నీకు వచ్చింది నా దగ్గర్నుంచే.

రీట్ గారికి రాయడం తేలిక. ఆవిడ మొహం నేను చూడలేదు, సముద్రం అవతల ఉంది. లిజియా అలా కాదు. ఆ పిల్లకి ఇప్పుడు యాభై దాటాయి. చేపల బజారులో మూడో వరసలో అమ్ముతుంది. పదేళ్ళుగా నేను రెండో వరసలోనే కొని తిరిగి వస్తున్నాను. నీ ఉత్తరం చదివిన మర్నాడు చెవి మిషను పెట్టుకున్నాను. ఆ మనిషి ఏమన్నా పూర్తిగా వినాలని. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళాను.

లిజియా నన్ను చూసి, "ఏం కావాలి టీచరమ్మా?" అంది. క్వీక్వీ చేపలు చూపించాను. కోస్తుంటే చెప్పేశాను. నలభై మూడేళ్ళ కిందట నేనన్న మాట, దాన్ని నాతో ఎవరన్నారో, అన్నీ. వెనక ఎవరో ముసలాయన తొందరపెడుతున్నాడు. ఆగలేదు. "క్షమించు" అన్నాను. ఆ ముక్క పిల్లలకి నేర్పించాను కానీ ఎప్పుడూ వాడలేదు, నోట్లో కొత్తగా ఉంది.

కత్తి ఆగింది. "నేను మరిచిపోయాననుకున్నారా?" అంది.

"లేదు. మరిచిపోలేదనే ఇన్నాళ్ళూ ఈ వరసకి రాలేదు."

"నాకు తెలుసు. మీరు రెండో వరసలో కొనడం రోజూ చూస్తూనే ఉన్నాను. అక్కడ చేపలు బాగుండవు కూడా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో అలాగే నిలబడ్డాను. లిజియా చేపలు పొట్లం కట్టింది. చేతులు కడుక్కుంది. వెనక ముసలాయన్ని, "కాసేపాగు తాతా" అని గద్దించింది. తర్వాత తను కూర్చునే పీట నావైపు జరిపి, ఆప్రాను అంచుతో తుడిచి, "కూర్చోండి" అంది.

కూర్చున్నాను.

అక్క